గద్దె మీంచి లేచే బలం

"రేపు పొద్దుగాల వడ్లాయన రంపం పట్టుకొని వస్తుండమ్మా. గద్దె తీసేస్తున్నం. ఇగ లొల్లి చెయ్యకు."

"ఎవర్ని అడిగి పిలిచినవ్ వడ్లాయనను?"

"దుకాణం నేను నడుపుతలేనా?"

"దుకాణం నువ్వు నడుపు. గద్దె నాది."

"దీపావళి సంది ఖాళీగ పడున్నది, ఇంకా నీదేంది? దాని మీద పిల్లి పండుకుంటున్నది. బజార్ల అందరు కుర్చీలు, టేబుళ్లు ఏసుకున్నరు. మనమే పాతకాలం సేఠుల లెక్క పరుపు ఏసుకొని కూసున్నం."

"పిల్లికున్న అకల్ నీకు లేదు. కూసునే జాగ ఏదో దానికి ఎరుకైంది."

"నీకు గూడ కుర్చీ ఏస్త. మూలకు, ఫ్యాను కింద. ఆరామ్‌గ కూసో."

"మూలకు కుర్చీల కూసుంటే నన్ను గూడ పాత సామాననుకొని బేరమాడుతరు."

వంటింట్లో మనవరాలు కిసుక్కున నవ్వింది. దాంతో నా కొడుకుకు కోపం ఇంకా ఎక్కువైంది. చేతిలో పళ్లెం పక్కకు పెట్టి నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"కూసుంటవ్, సరే. ఎట్ల లేస్తవ్? అది చెప్పు. మళ్ల ఇద్దరం రెండు రెక్కలు పట్టి లేపాల్నా?"

ఆ మాటతో వంటింట్లో నవ్వు ఆగిపోయింది. వాడు కూడా అనకూడని మాట అన్నట్టు మొహం తిప్పుకున్నాడు. నేను మాత్రం తిప్పుకోలేదు.

"రానీ వడ్లాయనను. రేపు నేనే వస్త. గద్దె మీద కూసుంట. ఎవ్వరి చెయ్యి పట్టకుంట లేస్త. లేస్తే గద్దె ఉంటది, నేను రోజూ వస్త. లేవకపోతే వడ్లాయనకు సుత్తె నేనే అందిస్త."

"మాట మాటేనా?"

"నేనెప్పుడన్న తూకం మార్చిన్నా?"

అంత ధైర్యంగా అన్నానే గానీ, లేవగలనో లేదో నాకే తెలియదు.

మాది పప్పుల దుకాణం. అఫ్జల్‌గంజ్ పక్క సందులో మా మామగారు పెట్టింది. అందులో గద్దె అంటే పెద్ద సింహాసనమేమీ కాదు. జానెడు ఎత్తు చెక్క బల్ల, దాని మీద దూది పరుపు, తెల్ల దుప్పటి, వెనక ఆనుకోవడానికి తకియా. మామగారి తర్వాత మా ఆయన, ఆయన పోయాక నేను దాని మీద కూర్చున్నాం. కొడుకు అప్పటికి చిన్నవాడు. నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పప్పు గురించి తెలిసిందంతా ఆ పరుపు మీదే నేర్చుకున్నాను. కొనేవాళ్లు వచ్చి గద్దె అంచు మీద కూర్చుంటారు. నేను కందిపప్పు వాళ్ల అరచేతిలో పోస్తాను, నా అరచేతిలో పోసుకుంటాను. ఇద్దరం కొరికి చూస్తాం. పచ్చిదైతే పంటికి అతుక్కుంటుంది, ఎండినదైతే టక్కుమంటుంది. నా కళ్లూ వాళ్ల కళ్లూ ఒకే ఎత్తులో ఉంటాయి. టేబుల్ అవతల కుర్చీలో కూర్చుంటే ఆ పని జరగదు. టేబుల్ కొడుకుదవుతుంది, కంప్యూటర్ కొడుకుదవుతుంది. మూల కుర్చీలో ఉన్న ముసలమ్మకు వచ్చినవాళ్లు ఒక నమస్కారం పెట్టి, తల అటు తిప్పి కొడుకుతో మాట్లాడతారు. గద్దె పోతే ఆ దుకాణంలో నాకు పని లేదు. అది నాకు బాగా తెలుసు.

మొన్నటి వానాకాలం నాకు జ్వరం తగులుకుంది. కీళ్ల నొప్పులతో చాలా రోజులు మంచం దిగలేదు. జ్వరం పోయింది గానీ, పోతూ పోతూ నా తొడలను కూడా పట్టుకుపోయింది. చీర కట్టుకునేటప్పుడు చూసుకుంటే అవి నా కాళ్లలా లేవు.

దీపావళికి దుకాణంలో లక్ష్మీపూజ. పెద్దదాన్ని కనుక గద్దె మీద నేనే కూర్చున్నాను. పూజ అయింది, హారతి ఇవ్వడానికి లేవాలి. లేవబోయాను. కాళ్లు లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించాను. పళ్లెంలో కర్పూరం కాలిపోతోంది, నేను పరుపు మీద కదలకుండా ఉన్నాను. కొడుకు ఒక రెక్క, హమాలీ ఒక రెక్క పట్టి బస్తాను లేపినట్టు లేపారు. ఆ రోజు మిఠాయి కోసం వచ్చిన పాత గిరాకీ ఒకాయన అక్కడే నిలబడి ఉన్నాడు. హలీం హోటల్ నడుపుతాడు, పప్పంతా మా దగ్గరే కొంటాడు. నన్ను లేపుతుంటే ఆయన తల తిప్పి గోడ మీది క్యాలెండర్ చూశాడు. మర్యాద కోసమే చూశాడు. కానీ ఆ మర్యాద నా మీద రాయిలా పడింది. ఆ తర్వాత నేను దుకాణానికి పోలేదు.

ఇంట్లో కసరత్తుల పిచ్చి ఉన్నది నా మనవరాలికే. డిగ్రీ చదువుతుంది. పొద్దున్నే లేచి జిమ్‌కు పోయి ఇనుప కడ్డీలు ఎత్తి వస్తుంది. "ఆడపిల్లకు ఇదేం పని" అని అంతకుముందు నేను తిట్టినదాన్నే. ఇప్పుడు అదే నన్ను ఆటోలో ఎక్కించుకుని, కసరత్తులు చేయించే డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయింది. ఆమె నా తొడ మీద వేళ్లతో నొక్కి చూసింది.

"ఎముక బాగానే ఉందమ్మా. కండ కరిగిపోయింది. గుడ్డు తింటారా?"

"మా ఇంట్ల గుడ్డు రాదు."

"పాలు?"

"పాలు తాగితే కడుపు డోలు అయితది."

"మరేం తింటారు?"

"పప్పు, చారు, అన్నం."

"ఎంత పప్పు?"

ఎంతో నేను చేత్తో చూపించాను. ఆమె నవ్వలేదు. రక్తం పరీక్ష చేయించి, కిడ్నీలు బాగున్నాయని చూసుకున్నాకే చెప్పింది: బఠాణీ, బియ్యం నుంచి తీసిన ప్రోటీన్ పొడి దొరుకుతుంది, అది రోజూ తాగాలి. దాంతోపాటు కూర్చోవడం, లేవడం రోజూ చెయ్యాలి. పొడి ఒక్కటే తాగితే కండ రాదు, కసరత్తు ఒక్కటే చేసినా ఈ వయసులో అంత త్వరగా రాదు అంది.

తిరిగి వస్తూ ఆటోలోనే గొడవ మొదలుపెట్టాను.

"పప్పులమ్మే ఇంట్ల పప్పు పొడి కొనుడేందే? అఫ్జల్‌గంజ్ మొత్తం నవ్వుతది."

"నవ్వనీ నానమ్మా. నవ్వినా పొట్టకు కసరత్తే."

"మన గోదాంల ఎన్ని పుట్నాలున్నయ్? దంచుకొని తాగుత."

దంచుకుని తాగాను. బెల్లం కలిపి, నీళ్లు కలిపి, రోజూ గ్లాసెడు. మా పుట్నాలు మంచివి, అందులో మాట లేదు. కానీ ఆ గ్లాసు తాగితే సాయంత్రం దాకా ఆకలి వేయదు, కడుపు ఉబ్బి గురగురమంటుంది. డాక్టరమ్మ చెప్పినంత బలం రావాలంటే అలాంటి గ్లాసులు ఎన్నో తాగాలని మనవరాలు లెక్క చెప్పింది. "గంత తాగితే నేను బెలూన్ అయ్యి చార్మినార్ మీదికి పోత" అన్నాను. అప్పుడది పొడి సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పింది. మిల్లులో కందులకు పొట్టు తీస్తాం కదా, అట్లాగే ఈ పొడికి బఠాణీలోంచి పిండి తీసేస్తారట, బలమిచ్చేది మిగులుతుందట. మిల్లు సంగతి నాకు తెలుసు. పొట్టు తీసిన పప్పు ధర ఎందుకు ఎక్కువో ఒకరు నాకు చెప్పనక్కర్లేదు. సరే తెమ్మన్నాను.

డబ్బా వచ్చింది. దాని మీద అక్షరాలన్నీ ఇంగ్లీషే. నాకు వచ్చింది కూడబలుక్కుని చదివే తెలుగు, అది కూడా దుకాణం బోర్డుల తెలుగు. అందుకని నాకు తెలిసిన పద్ధతిలో చూశాను: అరచేతిలో పోసుకున్నాను, వేలితో రుద్దాను, వాసన చూశాను, నాలుక మీద పెట్టుకున్నాను. చాక్లెట్ వాసన వేశారు గానీ, కింద పచ్చి బఠాణీ వాసన దాగలేదు. అది నచ్చింది. సరుకు సరుకు వాసన రావాలి.

తాగడం మాత్రం నచ్చలేదు. గొంతులో ఇసుకలా గీరుతుంది. మనవరాలు మూత బిగించిన సీసాలో వేసి డమరుకం ఆడించినట్టు ఆడించేది. అడుగున అంటుకున్న పొడిని అది కుళాయి కింద కడిగేస్తుంటే చూసి ఊరుకోలేకపోయాను. సీసాలో మళ్లీ నీళ్లు పోసి, ఆడించి, అది కూడా తాగేదాన్ని. డబ్బాలో వచ్చిన చెంచాను పారేయనివ్వలేదు, ఇప్పటికీ మెంతులకు అదే వాడుతున్నాను. కొడుకు భోజనానికి వచ్చినప్పుడల్లా ఎగతాళి చేసేవాడు.

"ఏందమ్మా, తాలీంఖానల చేరుతున్నవా? కుస్తీ ఎప్పుడు?"

"ముందు నిన్నే పడగొడుత, ఫికర్ చెయ్యకు."

పొడి తాగుతున్నాను, కుర్చీలోంచి లేచి కూర్చుంటున్నాను. అయినా తొడలు అట్లాగే ఉన్నాయి. డబ్బా అడుగుకు వచ్చింది, బలం మాత్రం రాలేదు. మోసం జరిగిందని నేను నిర్ణయించుకున్నాను. ఆ మాట పైకి కూడా అన్నాను.

ఒక ఆదివారం మనవరాలు నా పక్కన కూర్చుని తింటోంది. నా పళ్లెం వైపు చూసింది.

"నానమ్మా, నీ పళ్లెంల పప్పేది?"

"పొద్దున తాగిన కదా."

"ఏంది?"

"పొద్దున గ్లాసుల పప్పు తాగిన కదనే. మళ్ల పళ్లెంల ఎందుకు? చారు చాలు."

చేతిలో ముద్ద అట్లాగే పట్టుకుని అది నన్ను చూసింది. "ఎన్ని రోజుల సంది గిట్ల?"

"డబ్బా వచ్చిన సంది."

నేను చేసిందేమిటో నాకైతే సరిగ్గానే కనిపించింది. గద్దె ఎక్కినప్పటి నుంచి చూసింది తరాజు. తక్కెడ పళ్లెంలో ఎక్కువ పడితే అంత తీసేయాలి. గ్లాసులో బఠాణీ వచ్చింది, అంటే పప్పు వచ్చినట్టే, కాబట్టి పళ్లెంలో పప్పు తీసేయాలి. లేకపోతే ఒకే సరుకు రెండుసార్లు ఖర్చు రాసినట్టు. కోడలు రోజూ పప్పు వడ్డించబోతే నేనే చెయ్యి అడ్డం పెట్టాను. ముసలామెకు రుచించడం లేదేమోనని ఆమె ఊరుకుంది.

మనవరాలు తల పట్టుకుంది. కోడలు నవ్వాపుకోలేక లోపలికి పోయింది.

"నానమ్మా, నీ కాలు తరాజు కాదు. జ్వరంల ఉన్న సరుకంత పోయింది. ఇప్పుడు గోదాం ఖాళీ. ఖాళీ గోదాంకు ఒక బస్తా ఏసి ఒక బస్తా తీస్తే ఎప్పుడు నిండుతది?"

"గట్ల ముందే చెప్పాలె కద!"

"పొడి తాగుమంటే పప్పు మానుతవని నాకేం ఎరుక? పప్పులమ్మేదానివి!"

ఆ రోజే పప్పు వేయించుకున్నాను. ఆ రోజు నుంచి పూటపూటకూ పళ్లెంలో పప్పు, రోజూ గ్లాసులో పొడి. కడుపు నిండిపోయినట్టుండేది. అయినా తిన్నాను. మందులా తిన్నాను.

కసరత్తుకు కూడా ఒక పద్ధతి దొరికింది. గద్దె ఎత్తు కుర్చీ ఎత్తు కాదు. కుర్చీలోంచి ఎన్నిసార్లు లేచినా గద్దె మీంచి లేవడం రాదు. అందుకని గోదాం నుంచి ఖాళీ గోనెసంచుల కట్టలు తెప్పించి, ముందు గదిలో కుర్చీ ఎత్తు దాకా పేర్పించాను. గట్టిగా అణిగిన సంచులు, మీద కూర్చుంటే బల్లలా ఉంటాయి. ఒక ఎత్తు మీంచి సులువుగా లేవగలిగితే ఒక కట్ట తీసేయడం. మనవరాలు పక్కన నిలబడేది.

"మడమలు ఎనక్కి గుంజు. ముందుకు వంగు. ఇంక వంగు, ముక్కు మోకాళ్ల మీదికి రావాలె. ఇప్పుడు నేలను తొక్కు!"

"నేలను కాదు, నిన్ను తొక్కుత."

"తొక్కు, కాని లేచినంక తొక్కు."

తొడలు మండేవి. రాత్రి పడుకుంటే పిక్కలు పీకేవి. ఆ నొప్పి జ్వరం నొప్పిలాంటిది కాదని త్వరలోనే తెలిసింది. ఇది పనిచేసిన నొప్పి. కట్ట తీసినప్పుడల్లా మర్నాడు మళ్లీ ఎక్కించమని కాళ్లు బతిమాలేవి. అందుకని తీసిన కట్టను ఇంట్లో ఉంచలేదు. అప్పటికప్పుడు సంచులు కొనేవాడిని పిలిచి అమ్మేశాను. మళ్లీ ఎత్తు పెంచుదామన్నా సంచులు ఉండకూడదు. మనవరాలు దానికి చప్పట్లు కొట్టింది. "మా జిమ్‌ల ఎవ్వరు గింత మొండిగ లేరు" అంది.

అట్లా ఎత్తు దిగుతూ వచ్చింది. తొడ మీద చెయ్యి వేసి నొక్కితే వేలికి కొంచెం గట్టిగా తగలడం మొదలైంది. కొత్త కందులు బజారుకు వచ్చాయని, గింజ ఈసారి సన్నమని కొడుకు చెబుతుంటే, నువ్వు కొరికి చూశావా అని అడిగేదాన్ని. వాడు కొరకడు. సంచి మీద చీటీ చూస్తాడు.

ఇదంతా నడుస్తుండగానే వాడు వడ్లాయనను పిలిచిన కబురు తెచ్చాడు. ఉగాదికి ముందే దుకాణం కొత్తగా కనపడాలట.

పందెం కాసి వాడు బయటికి పోగానే మనవరాలు నా దగ్గరికి వచ్చింది. ముందు గదిలోని సంచుల వైపు చూపించింది.

"నానమ్మా, గద్దె ఎత్తుకు రావాలంటే ఇంక రెండు కట్టలు తియ్యాలె. నువ్వు గంత కింద ఒక్కసారి గూడ కూసోలే. రేపే లేస్త అన్నవేంది?"

"అన్న. అయిపోయింది."

"ఇంక పదిహేను దినాలు టైం అడుగుదాం. బాపుకు నేను చెప్త."

"టైం అడిగితే గద్దె పోతది. ఆ రెండు కట్టలు ఇప్పుడే తియ్యి, చూద్దం."

"వద్దు. ఇయ్యాల కాళ్లకు ఆరామ్ ఇయ్యి. అలసిన కాళ్లతోని రేపు అసలే లేవవు."

ఆ పిల్ల చెప్పింది విన్నాను. నాకది కొత్తే. పప్పు కలుపుకుని అన్నం తిన్నాను, మీద గ్లాసు తాగాను, సీసా కడిగిన నీళ్లు కూడా తాగి పడుకున్నాను.

పొద్దున షట్టర్ తీసేసరికి వడ్లాయన పనిముట్ల సంచితో మెట్టు మీద ఉన్నాడు. కొడుకు అగరొత్తి వెలిగించాడు. మనవరాలు జిమ్ మానుకుని నా వెంట వచ్చింది. పిల్లిని లేపి, దుప్పటి దులిపి, గద్దె మీద కూర్చున్నాను. తకియాకు ఆనుకున్నాను. చాలా రోజులకు దుకాణం మళ్లీ నాకు తెలిసిన ఎత్తు నుంచి కనిపించింది.

"ఇగ లే" అన్నాడు కొడుకు.

అంచుకు జరిగాను. పాదాలు నేల మీద పెట్టాను, మడమలు వెనక్కి లాగాను, వంగాను, తొక్కాను. నడుము లేచింది, అంతలోనే దూది పరుపు నన్ను లోపలికి లాక్కుంది. ధబ్బున వెనక్కి పడ్డాను. సంచులు గట్టివి. పరుపు మెత్తనిది. ఆ సంగతి నేనూ ఆలోచించలేదు, మనవరాలూ ఆలోచించలేదు.

కొడుకు చెయ్యి ముందుకు వచ్చింది. "చెయ్యి తియ్యి" అన్నాను. తీశాడు.

వాడు మెల్లగా అన్నాడు: "ఇగ సాలమ్మా."

"ఒక్కసారే లేస్త అని నేను చెప్పిన్నా?"

పక్కకు జరిగి పరుపు అంచును వెనక్కి మడిచాను. కింద చెక్క బయటపడింది.

"పరుపు తీస్తే ఇంక కిందికైతది కద నానమ్మా!" అంది మనవరాలు.

"కిందికైనా గట్టిగున్నది."

చెక్క మీద కూర్చున్నాను. మోకాళ్లు గడ్డం దాకా వచ్చాయి. మడమలు వెనక్కి. ముక్కు ముందుకు. రెండు అరచేతులూ నా తొడల మీదే పెట్టుకున్నాను. అరచేతుల కింద తొడలు బిగుసుకోవడం తెలిసింది. తొక్కాను. సగం దాకా వచ్చి ఆగాను. కాళ్లు గడగడా వణికాయి. ఇంకా తొక్కాను. నిలబడ్డాను.

"తొడల మీద చేతులు పెట్టినవ్" అన్నాడు కొడుకు.

"నా చేతులే. నా తొడలే."

"బాపు, ఓడిపోయినవ్. ఒప్పుకో" అంది మనవరాలు.

వాడు నా మొహం చూశాడు, కాళ్ల వైపు చూశాడు. తర్వాత టేపు తీసుకుని వడ్లాయనను అవతలి గోడ దగ్గరికి పిలిచాడు. తన టేబుల్‌కు కొలతలు అక్కడ తీయించాడు. ఆ పని అయ్యాక నేను వడ్లాయనకు నా పని చెప్పాను. గద్దె ముందు అంచుకు చెయ్యి వెడల్పు పలక కొట్టమన్నాను. పరుపు దాని దగ్గర ఆగిపోవాలి, లేచేటప్పుడు కింద చెక్కే తగలాలి. మధ్యాహ్నం లోపల కొట్టేశాడు.

అతను పనిముట్లు సంచిలో సర్దుకుంటుండగానే హలీం హోటల్ ఆయన వచ్చాడు. నన్ను చూసి మెట్టు మీదే ఆగాడు.

"అరె అమ్మా! ఆగయే? మళ్ల వచ్చినవా? తబియత్ బాగున్నదా?"

"బాగున్నది. కూసో. కొత్త కందిపప్పు వచ్చింది, గింజ సన్నం అంటున్నరు. చూద్దం."

ఆయన వచ్చి గద్దె అంచు మీద కూర్చున్నాడు. ఆయన అరచేతిలో పోశాను, నా అరచేతిలో పోసుకున్నాను.